ఇల్లు కొనుటకు ముందు రెండు లెక్కలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు కొని చూడు అని వారు అనలేదు. ఆ కాలమున ఇల్లు కొనుట అరుదు. తాతలనాటి దొడ్డిలోనో, ఊరివారందరు ఎరిగిన స్థలములోనో గోడలు లేపుకొనెడివారు. ఆ నేల ఎవరిది, ఏ అన్నదమ్ముల పంపకములో ఎవరి వంతునకు వచ్చినది, వానకాలములో అక్కడ నీరు నిలుచునా అను సంగతులు అడుగకయే తెలిసియుండెడివి. నేడు హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్టణములోనో ఇల్లు కొనువారు మునుపెన్నడు చూడని మనిషి వద్ద, పరిచయము లేని పేటలో, ఒక్కొక్కప్పుడు ఇంకను లేవని అంతస్తులో నాలుగు గదులు కొనుచున్నారు. ఊరు చెప్పవలసిన సాక్ష్యమును కాగితములు చెప్పవలసి వచ్చినది. చేతనున్న ధనము చాలక, రాబోవు ఇరువది ఏండ్ల జీతమును నేడే వెచ్చింపవలసి వచ్చినది.

కావున ఇల్లు కొనబోవువారు రెండు లెక్కలు వేసికొనవలెను. మొదటిది వెనుకకు ముప్పది ఏండ్ల లెక్క: ఈ ఆస్తి ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది? రెండవది ముందుకు ఇరువది ఏండ్ల లెక్క: ఈ అప్పును మన సంసారము ఎట్లు మోయగలదు? ఈ రెండును బయానా ఇచ్చుటకు ముందే పూర్తి కావలెను. సామాన్యముగా జరుగునది వేరు. ఇల్లు చూచెదము. గాలి, వెలుతురు, తూర్పు వాకిలి నచ్చును. ఇంకొకరు ముందుపడి కొనిపోవుదురేమో అను భయముతో ఆ సాయంత్రమే లక్షయో రెండు లక్షలో అమ్మకందారు చేతిలో పెట్టెదము. వకీలును, బ్యాంకును ఆ తరువాత వెదకెదము. సొమ్ము ఇచ్చిన పిదప మన బుద్ధి తీర్పరిగా ఉండదు. ఇచ్చిన సొమ్ము పక్షమున వకాల్తా పుచ్చుకొనును. వకీలు చూపిన లోపము అల్పముగా తోచును. అమ్మకందారు చెప్పిన సమాధానము ఘనముగా తోచును.

ముందుగా వెనుకటి లెక్కను చూతము.

“రిజిస్ట్రేషను అయినది గదా, ఇంక భయమేమి?” అను మాట తరచుగా వినబడును. నూరు రూపాయలును, అంతకు మించియు విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరైన దస్తావేజు మూలముననే జరుగవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమును, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమును విధించుచున్నవి. అయితే రిజిస్ట్రేషను అనునది లావాదేవీని నమోదు చేయుట మాత్రమే. వచ్చినవారు ఫలానావారే, వ్రాసినది వారే, సుంకము చెల్లినది అని సబ్ రిజిస్ట్రారు చూచును. అమ్ముచున్నవానికి ఆ ఆస్తిపై సంపూర్ణమైన హక్కు కలదని ఆయన పూచీ పడడు. తనది కానిదానిని ఒకడు అమ్మి రిజిస్టరు చేయించినను, కొన్నవానికి చేరునది అమ్మినవానికి ఉన్న హక్కే. లేని హక్కు రిజిస్టరు పుస్తకములో పుట్టదు. హక్కును ఖాయపరచు పద్ధతిని ఉద్దేశించి ఆంధ్ర ప్రదేశ్‌లో చేసిన భూహక్కుల చట్టము కూడ వివాదముల పాలై 2024లో రద్దయినది. కాబట్టి పరిశీలన భారము కొనువానిదే.

ఈ పరిశీలనకు తొలిమెట్టు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు. వాడుకలో ఇ.సి. అందురు. ఒక ఆస్తిపై రిజిస్టరైన అమ్మకములు, తనఖాలు, దానములు, పంపకములు ఇందులో వరుసగా కనబడును. తెలుగు రాష్ట్రములు రెండింటను 1983 నుండి జరిగిన రిజిస్ట్రేషనుల వివరములను ఇంట కూర్చుండియే కంప్యూటరులో చూడవచ్చును. అంతకు పూర్వపు వాటికై కార్యాలయమునకు పోవలెను. పదమూడేండ్ల ఇ.సి. చాలునని కొందరు అందురు. ముప్పది ఏండ్లది తీసికొనుట క్షేమము. ఈ ముప్పదికి ఆధారము 1963 నాటి కాలపరిమితి చట్టమున కలదు. తనఖా పెట్టినవాడు ఆస్తిని విడిపించుకొనుటకు దావా వేయగల గడువు ముప్పది ఏండ్లు. ప్రభుత్వము దావా వేయుటకును గడువు ముప్పది ఏండ్లే. అనగా, ఇరువది ఐదేండ్ల క్రిందటి చిక్కు కూడ నేడు మన వాకిట నిలిచి తలుపు తట్టగలదు.

ఇ.సి. అద్దమువంటిది, తన ఎదుటకు వచ్చినదానినే చూపును. రిజిస్టరు కాని వీలునామా అందులో ఉండదు. కోర్టులో నడచుచున్న దావా సామాన్యముగా కనబడదు. పత్రము వ్రాయక దస్తావేజులను బ్యాంకులో ఉంచి తెచ్చిన అప్పు కనబడకపోవచ్చును. ఈ చివరిదానిని పట్టుకొనుటకు 2011 నుండి సెర్సాయ్ అను కేంద్ర నమోదు సంస్థ పనిచేయుచున్నది. స్వల్ప రుసుము చెల్లించి ఆస్తిపై బ్యాంకు తనఖా ఉన్నదేమో అందులో వెదకవచ్చును. అన్నింటికంటె సులభమైన పరీక్ష మరియొకటి కలదు. అసలు దస్తావేజులను కంటితో చూపుమని అడుగవలెను. నకళ్ళు మాత్రమే చూపి, అసళ్ళు “రేపు, ఎల్లుండి” అనువాని వద్ద ఆగిపోవలెను.

తరువాతిది లింకు దస్తావేజుల వరుస. నేటి అమ్మకందారు 2015లో కొన్నాడనుకొందము. అతనికి అమ్మినవానికి 1999లో అన్నదమ్ముల పంపకములో వచ్చినది. ఆ తండ్రి అంతకు ముందెప్పుడో కొన్నాడు. ఈ గొలుసులో ఒక్క కడియైనను తెగియుండరాదు. తెలంగాణములోని పాత కాగితములు కొన్ని ఉర్దూలో ఉండును. అవి చదువరాలేదని ప్రక్కన పెట్టక చదివించుకొనవలెను. గొలుసులో తరచుగా తెగు కడి పంపకము. పంపకమునందు సంతకము చేసినవారు ఎవరు అనుటకంటె, చేయనివారు ఎవరు అని చూడవలెను.

ముఖ్యముగా ఆడపిల్లల సంతకములు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా పుట్టుకతో హక్కు నిచ్చుచు ఆంధ్ర ప్రదేశ్ 1986లోనే చట్టము చేసి, 1985 సెప్టెంబరు 5 నుండి దానిని వర్తింపజేసినది. అప్పటికే వివాహమైన కుమార్తెలకు ఆ హక్కు లేకుండెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశవ్యాప్తముగా కుమార్తెలందరికి ఆ హక్కు వచ్చినది. ఆ తేదీకి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీం కోర్టు తేల్చినది. పంపకము ఏ తేదీన జరిగినది, అప్పటికి ఇంటిలో కుమార్తెలు ఎందరు, వారి వివాహములు ఎప్పుడు అయినవి అని అడుగుట ఇతరుల ఇంటిగుట్టు లాగుట కాదు. ఆస్తి వారిదైనపుడు ఆ గుట్టు కూడ మనము కొనునట్టిదే. అట్లే మైనరు పేర ఉన్న ఆస్తిని సహజ సంరక్షకుడు కోర్టు అనుమతి లేక అమ్మరాదని 1956 నాటి చట్టము చెప్పుచున్నది. మైనారిటీ తీరిన పిల్లవాడు ఆ అమ్మకమును ప్రశ్నింపవచ్చును.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అనగా జి.పి.ఎ. మీద అమ్మకములు మన పట్టణములలో చిరకాలముగా సాగినవి. జి.పి.ఎ., ఒప్పందపత్రము, వీలునామా ఈ మూడును కలిపి ఇచ్చినంత మాత్రమున యాజమాన్యము మారదని 2011లో సుప్రీం కోర్టు స్పష్టముగా చెప్పినది. యజమాని విదేశములో ఉండి, తన తండ్రికో తమ్మునికో అధికారమిచ్చి వారిచేత విక్రయ దస్తావేజు వ్రాయించుట వేరు; అది చెల్లును. అపుడైనను ఆ అధికారపత్రము నేటికి అమలులో ఉన్నదా, ఇచ్చినవారు జీవించియున్నారా అని యజమానితోనే నేరుగా మాటాడి తెలిసికొనవలెను.

ఇంతవరకు చెప్పినది మనిషికిని మనిషికిని నడుమ ఉన్న హక్కు. భూమి స్వభావము కూడ చూడవలెను. ప్రభుత్వము పేదలకు సాగుకో నివాసమునకో ఇచ్చిన అసైన్డు భూములను అన్యాక్రాంతము చేయరాదని 1977లో చట్టము వచ్చినది. ఆ భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫు భూములు రిజిస్ట్రేషను చట్టములోని 22-ఎ నిషేధ జాబితాలో చేరును. మనము కొనబోవు సర్వే నంబరు ఆ జాబితాలో ఉన్నదేమో మొదటి దినముననే చూచుకొనవచ్చును.

పిమ్మట నీరు. తెలంగాణములో 2012 నాటి భవన నియమముల ప్రకారము పది హెక్టారులకు తక్కువకాని చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటరులును, అంతకు చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటరులును వదలివేయవలెను. ఎండకాలములో ఆ హద్దు చదునైన మైదానమువలె ఉండును. ప్లాట్లు వేసి రాళ్ళు పాతినచో చెరువని ఎవరికిని తోచదు. 2024 జులైలో హైదరాబాదునందు హైడ్రా అను సంస్థ ఏర్పడి చెరువు హద్దులలోని కట్టడములను కూల్చినపుడు, తమకు రిజిస్టరైన దస్తావేజులున్నవని మొరపెట్టుకొన్న కుటుంబములు ఉండెను. అదే సంవత్సరము సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు పేటలు దినముల తరబడి నీట నానినవి. చెరువు పటములను అధికారుల వద్ద చూడుడు. ఆపైన ఆ వీధిలో ఇస్త్రీబండి వానినో, పాలు పోయువానినో, “వానకాలములో నీరు ఎంతవరకు వచ్చును?” అని అడుగుడు. వానికి అమ్మవలసినది ఏమియు లేదు గనుక నిజము చెప్పును.

అపార్టుమెంటు అయినచో కట్టడమునకును కాగితములున్నవి. అనుమతి పొందిన పటములో అంతస్తులు ఎన్ని, కట్టినవి ఎన్ని అని లెక్కింపవలెను. మన రాష్ట్రములలో అపార్టుమెంటు కట్టువారు, అనుమతి పటమును ఉల్లంఘింపరను హామీగా, కట్టడములో పదియవ వంతును పురపాలక సంస్థకో నగరాభివృద్ధి సంస్థకో తనఖా పెట్టు నియమము కలదు. మీకు చూపుచున్న ఇల్లు ఆ తనఖా భాగములోనిదేమో అడుగవలెను. కట్టడము పూర్తియైన పిదప ఇచ్చు నివాసయోగ్యతా పత్రము లేనిచో ఆ తనఖా విడుదల కాదు. నీరు, విద్యుత్తు శాశ్వతముగా కలుపుటలోను చిక్కులు కలుగును.

కట్టుచున్న ఇల్లు కొనువారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, మనము రెరా అనునది, కొంత రక్షణ ఇచ్చినది. 500 చదరపు మీటరులకు మించిన స్థలములోగాని ఎనిమిదింటికి మించిన ఇండ్లతోగాని కట్టు నిర్మాణము రెరాలో నమోదు కావలెను. రిజిస్టరైన ఒప్పందము లేక ధరలో నూటికి పదికి మించి కట్టడదారు తీసికొనరాదు. కొనుగోలుదారుల సొమ్ములో నూటికి డెబ్బది ఆ నిర్మాణమునకే వేరు ఖాతాలో ఉంచవలెను. స్వాధీనము చేసిన నాటినుండి ఐదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడినచో ఉచితముగా బాగుచేయవలెను. చెప్పిన గడువునకు ఇల్లు ఇయ్యనిచో కొనుగోలుదారు వైదొలగి, సొమ్మును వడ్డీతో తిరిగి కోరవచ్చును. నమోదు పూర్తికాక ముందే “ముందుగా కొన్నవారికి చౌక” అని పిలుచు ప్రకటనలలో ఈ రక్షణలేవియు మొదలు కాలేదని గుర్తుంచుకొనవలెను.

కొలతయు హక్కులో భాగమే. 1,250 చదరపు అడుగుల ఇల్లు, అడుగు 4,000 రూపాయలు, ధర 50 లక్షలు అని చెప్పుదురు. ఆ 1,250లో మెట్లు, వసారాలు, లిఫ్టు, కావలిగది వంటివాటి వంతులు కలిసియుండును. గోడల నడుమ మనము చాప పరచుకొనగల చోటు, చట్టము చెప్పు కార్పెటు ఏరియా, 875 అడుగులే అనుకొనుడు. అపుడు మనము వాడుకొను అడుగు ఒక్కొక్కటి 5,714 రూపాయలు. రెండు ఇండ్లను పోల్చునపుడు కార్పెటు ఏరియాలనే పోల్చవలెను. అట్లే దస్తావేజులో మన పేర వచ్చు అవిభక్త భూమివాటా ఎన్ని గజములో చూడవలెను. రెండు వేల గజములలో ఏబది ఇండ్లు లేచినచో ఒక్కొక్క ఇంటికి వచ్చునది సుమారు నలుబది గజములు. కట్టడము ఏటేట పాతపడును. నిలుచునది ఆ నలుబది గజములే.

“బ్యాంకు అప్పు ఇచ్చుచున్నది గదా, వారి వకీలు చూడనే చూచెను” అని కొందరు ఊరట చెందుదురు. బ్యాంకు వకీలు బ్యాంకు సొమ్మునకు రక్షణ చూచును. పైగా బ్యాంకునకు రెండు పూచీలున్నవి: ఒకటి ఇల్లు, రెండవది మీ జీతము. మీకున్నది ఒక్కటే. హక్కులో చిక్కు పుట్టి ఇల్లు చేజారినను అప్పు చేజారదు. ప్రతి నెల ఐదవ తేదీన వాయిదా అడుగుచునే యుండును. మొదటి లెక్క తప్పినవానికి రెండవ లెక్క శిక్షగా మారుట ఇట్లు. కావున స్వంతముగా ఒక వకీలును నియమించి, వ్రాతపూర్వకమైన అభిప్రాయము తీసికొనవలెను. ఏబది లక్షల ఆస్తికి ఆ ఫీజు మిక్కిలి స్వల్పము.

ఇక ముందుటి లెక్క.

ప్రకటనలోని ధర ఇంటి ధర కాదు. మన 50 లక్షల ఇంటినే తీసికొందము. 30 లక్షలకు మించి 75 లక్షల వరకు గల గృహఋణములకు ఆస్తి విలువలో నూటికి 80 వరకే ఇయ్యవచ్చునని రిజర్వు బ్యాంకు నియమము. అనగా అప్పు 40 లక్షలకు మించదు. తక్కిన 10 లక్షలు మనవి. స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి ఉభయ రాష్ట్రములలోను సుమారు నూటికి ఏడున్నర. ఈ రేట్లు మారుచుండును గనుక ఆనాటి రేటును కార్యాలయములో తెలిసికొనవలెను. ఇది 3,75,000. మిక్కిలి చౌకయైన ఇంటికి తప్ప ఈ ఖర్చును బ్యాంకు ఆస్తి విలువలో కలుపదు, చేతినుండియే పెట్టవలెను. ఇల్లు ఇంకను కట్టుచున్నదైనచో, చౌక గృహముల తరగతిలో చేరనివాటికి జి.ఎస్.టి. నూటికి ఐదు, ఇది 2,50,000. నివాసయోగ్యతా పత్రము వచ్చిన తరువాత అమ్ము ఇంటికి ఈ పన్ను లేదు. మొత్తము 16,25,000 రూపాయలు మన చేతిలో ఉండవలెను. వాహనము నిలుపు చోటు, సంఘపు మూలధనము, విద్యుత్తు మీటరు, తలుపుల అలమరలు, వకీలు ఫీజు దీనికి వెలుపల.

ధర 50 లక్షలును అంతకు మించియు ఉన్నచో, అమ్మకందారునకు ఇచ్చు సొమ్ములో నూటికి ఒక రూపాయి ఆదాయపు పన్నుగా తగ్గించి ప్రభుత్వమునకు కట్టుట కొనువాని విధి. అమ్మువారు విదేశములో స్థిరపడినవారైనచో తగ్గింపవలసిన పన్ను చాల ఎక్కువ, పద్ధతియు వేరు. అమెరికాలోని తెలుగువారి ఇండ్లు మన పట్టణములలో తరచుగా అమ్మకమునకు వచ్చుచున్నవి. అట్టి ఇల్లు కొనునపుడు పన్ను తగ్గింపక సొమ్మంతయు ఇచ్చివేసినచో, ఆ పన్ను బాధ్యత కొన్నవాని మెడకు చుట్టుకొనును.

ఇప్పుడు వాయిదా. 40 లక్షల అప్పు, నూటికి ఎనిమిదిన్నర వార్షిక వడ్డీ, ఇరువది ఏండ్ల గడువు. నెలసరి వాయిదా సుమారు 34,713 రూపాయలు. మొదటి నెల వాయిదాలో వడ్డీకి పోవునది 28,333. అసలులో తగ్గునది 6,380 మాత్రమే. ఇరువది ఏండ్లలో కట్టునది 83 లక్షల పైమాట. అందులో వడ్డీ 43 లక్షలు. అదే అప్పును పదునైదేండ్లలో తీర్చదలచినచో వాయిదా 39,390. నెలకు 4,677 రూపాయలు అదనముగా కట్టగలిగినవారు మొత్తము మీద 12 లక్షలకు పైగా వడ్డీ తప్పించుకొందురు. చర వడ్డీపై వ్యక్తులు తీసికొన్న గృహఋణమును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని 2012లోనే రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. కావున పండుగ బోనసో, పంట అమ్మిన సొమ్మో వచ్చినపుడు అసలులో జమకట్టుటకు సంకోచింపవలదు. తొలి యేండ్లలో కట్టిన రూపాయికి బలము ఎక్కువ.

చర వడ్డీ అనగా మారు వడ్డీ. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు పది మాసములలో రిజర్వు బ్యాంకు తన రెపో రేటును 4 నుండి ఆరున్నరకు పెంచినది. 2025లో మరల తగ్గించినది. ఈ పెరుగుదల ఒక ఇంటికి ఏమి చేయునో చూడుడు. నూటికి 7 వడ్డీపై 40 లక్షల అప్పునకు ఇరువది ఏండ్ల వాయిదా 31,012. అప్పు తీసికొన్న కొద్ది కాలమునకే వడ్డీ తొమ్మిదిన్నరకు ఎక్కినదనుకొందము. అపుడు ఒక నెల వడ్డీయే సుమారు 31,667. అనగా పాత వాయిదా పూర్తిగా కట్టినను వడ్డీకే చాలదు. అసలు తగ్గుటకు బదులు పెరుగును! ఇరువది ఏండ్లలో తీరవలెనన్నచో వాయిదా 37,285 కావలెను. వడ్డీ మారినపుడు వాయిదా పెంచుటయా, గడువు పెంచుటయా అను నిర్ణయమును అప్పుదారునకు విడువవలెనని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పినది. ఈ హక్కును వాడుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా, అప్పు తీసికొను నాడే నేటి వడ్డీకి రెండున్నర కలిపి వాయిదా కట్టిచూడవలెను. ఆ వాయిదాతో కూడ పిల్లల ఫీజులు, పెద్దల మందులు, నెల సరుకులు జరుగునా? జరిగినచో ఆ ఇల్లు మన స్తోమతులోనిది. జరుగనిచో అది వడ్డీ దయమీద నిలిచిన ఇల్లు.

“అద్దె కట్టు సొమ్ముతో వాయిదా కట్టుకొనవచ్చును” అను ప్రకటనను కూడ ఒకసారి త్రాసులో వేయుదము. అట్టి ఇంటికి నెలకు 16,000 అద్దె అనుకొందము. కొన్నవానికి మొదటి నెల వడ్డీయే 28,333. సంఘపు నిర్వహణ రుసుము అడుగునకు మూడు రూపాయలైనచో 3,750. ఆస్తి పన్ను, మరమ్మతులు వేరు. చేతినుండి పెట్టిన 16 లక్షలు బ్యాంకులో తెచ్చెడి వడ్డీ కూడ పోయినది. కొత్త ఆదాయపు పన్ను విధానములో ఉన్నవారికి స్వంత నివాసగృహపు వడ్డీపై మినహాయింపు లేదు. కాబట్టి తొలి యేండ్లలో లెక్క అద్దె పక్షమున తూగును. కాలక్రమమున అద్దె పెరుగును, అసలు తగ్గును, భూమి విలువ హెచ్చవచ్చును. అపుడు త్రాసు మరియొక వైపు మొగ్గవచ్చును. పది పదునైదేండ్లు అదే ఊరిలో ఉండుట నిశ్చయమైనవారికి స్వంత ఇల్లు మేలు చేయగలదు. మూడేండ్లలో బదిలీ కానున్న ఉద్యోగికి రిజిస్ట్రేషను ఖర్చే నష్టముగా మిగులును. అద్దె ఇంట ఉండుట చిన్నతనము కాదు. తొందరపడి కొన్న ఇంటికి జీవితాంతము అద్దె చెల్లించుట కష్టము.

మరి రెండు జాగ్రత్తలు కలవు. మొదటిది, ఉన్న ధనమంతయు ఇంటిలో పోయరాదు. ఆరు నెలల వాయిదాలు, ఇంటి ఖర్చులు వేరుగా ఉంచుకొనవలెను. ఉద్యోగమునకు ఆటంకము కలిగినపుడు గోడను కోసి అమ్ముకొనలేము. రెండవది, సంపాదించువానికి హాని కలిగినచో అప్పు ఇంటివారిపై పడకుండ, అప్పునకు తగిన జీవిత బీమా తీసికొనవలెను. ఆస్తి ఎవరి పేర ఉన్నది, అసలు దస్తావేజులు ఏ బ్యాంకులో ఉన్నవి, బీమా పత్రము ఎక్కడ ఉన్నది అను సంగతులు ఇల్లాలికిని, ఎదిగిన పిల్లలకును తెలిసియుండవలెను. అప్పు తీరిన ముప్పది దినములలో బ్యాంకు అసలు దస్తావేజులను తిరిగి ఇయ్యవలెను; తన తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెను. 2023 డిసెంబరు నుండి ఈ నియమము అమలులో ఉన్నది.

ఈ రెండు లెక్కలు వేయుటకు మూడు నాలుగు వారములు పట్టును. ఆ గడువు అడిగినపుడు మంచి అమ్మకందారు కాగితముల కట్టను మీ చేతికిచ్చి, తీరికగా చూచుకొనుమనును. “ఈ దినమే బయానా ఇయ్యనిచో ఇంకొకరికి ఇచ్చివేసెదను” అనువాడు తన ఆస్తిని గురించి తెలియకయే ఒక సంగతి తెలిపినవాడగును. అట్టి ఇల్లు చేజారినందుకు విచారింపనక్కరలేదు. ఊరిలో ఇండ్లు ఇంకను ఉన్నవి. ఒక సంసారము ఇరువది ఏండ్లు దాచుకొన్నదియు, మరి ఇరువది ఏండ్లు సంపాదింపబోవునదియు మాత్రము ఒక్కసారే ఉండును.